కోడూరు మట్టిలో పలకల గుడ్లు

గుడివాడ స్టేషన్లో బందరు రైలు ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. సంచిలో సన్న జల్లెడ, భూతద్దం, పెరుగన్నం డబ్బా. పోయిన నెలే జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. తీర్థయాత్రలకు రమ్మన్నవాళ్లు బోలెడుమంది. నేను మాత్రం దివిసీమలో ఒక ఎండిన గుంట వెతుక్కుంటూ బయల్దేరాను.

ఎందుకో చెప్పకపోతే ఇదంతా పిచ్చిలా కనిపిస్తుంది. వానగుంటల్లో వెల్లకిలా ఈదే ఒక బుల్లి జీవి ఉంది. రొయ్యకు దూరపు చుట్టం. పుస్తకాల్లో ఫెయిరీ ష్రింప్ అంటారు. గుంట ఎండితే తల్లి చచ్చిపోతుంది, గుడ్లు మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి వానకోసం కాచుకుని ఉంటాయి. ముప్పై ఏళ్ల కిందట నా నేస్తం నూర్జహాన్ కోడూరు గుంటలో ఒక చిత్రం పట్టుకుంది. జాతి ఒకటే, కానీ కొన్ని గుడ్లు గుండ్రం, కొన్ని పలకలు తేలి మూలలతో ఉన్నాయి. దానిమీదే ఆమె పరిశోధన.

ఒక సాయంత్రం ఆ గుడ్లు ఏరిపెట్టమని నాకు అప్పగించింది. గుండ్రటి గుడ్డు ఎండితే సొట్టపడుతుంది, గంటసేపు నీళ్లలో నానితే మళ్లీ గుండ్రమవుతుంది. పలకల గుడ్డు ఎంత నానినా పలకలతోనే ఉంటుంది. కాబట్టి నానబెట్టాకే ఏరాలి. నాకేమో బస్సు తొందర. వంకరగా కనిపించినవన్నీ సొట్టపడ్డవేనని సింకులో పోసేశాను. మళ్లీ మట్టి తెచ్చేలోగా థీసిస్ ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. నూర్ పరిశోధన మానేసి బడిలో టీచరుగా చేరింది. నాతో మాట కూడా మానేసింది.

పెడనలో అద్దకం చీరల మూటతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. "బందర్లో ఎవరున్నారండీ?" అని అడిగింది.

"స్నేహితురాలు ఉందండీ" అన్నాను. ఆ మాట అనడానికి నాకేం హక్కుందో తెలియదు.

బందరు బస్టాండులో ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు అవనిగడ్డ బస్సు పట్టుకున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. అవనిగడ్డలో బస్సు మారాను. అక్కడ రొయ్యల హేచరీలో పనిచేసే ఒకతను పక్కన కూర్చుని, నా జల్లెడ చూసి సంగతంతా రాబట్టాడు.

"రొయ్యపిల్లల మేతకు ఇలాంటి గుడ్లు మాకు డబ్బాల్లో వస్తాయి కదండీ. వాటికోసం ఎండలో మట్టి జల్లించడం దేనికి మేడమ్?"

"డబ్బాలో దొరికేవి కావు బాబూ" అన్నాను.

కోడూరులో దిగేసరికి పదకొండు. ఆటోలో మూడు కిలోమీటర్లు వెళ్లాను. గుంట లేదు. దాని చోట పెద్ద రొయ్యల చెరువు, నీళ్లకు గాలి పట్టిస్తూ గిరగిరా తిరిగే ఏరేటర్లు. గట్టుమీదే చతికిలబడ్డాను. చెరువు కాపలాదారు నీళ్ల సీసా ఇచ్చి నీడలో కూర్చోబెట్టాడు.

"ఆ గుంటాండీ? అది తవ్వి పదేళ్లు దాటింది. ఆ మట్టే ఇదిగో, గట్టుకి పోశారు."

ప్రాణం లేచొచ్చింది. చెరువుకు ఎడంగా, పొడిగా ఉన్న వైపు గట్టును గీకి, మధ్యాహ్నం రెండింటిదాకా జల్లించాను. భూతద్దం కింద ఆవగింజకన్నా చిన్న గుడ్లు కనిపించాయి. వాటిలో పది పన్నెండు వంకరగా, మూలలతో ఉన్నాయి. ఏడ్చాను. కాపలాదారు మొహం తిప్పుకుని పెరుగన్నం తినమన్నాడు.

బందరు తిరిగొచ్చేసరికి అయిదు. నూర్ ఇల్లు తెలుసు. ఆ వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగిన రోజులు చాలా ఉన్నాయి. ఈసారి తలుపు కొట్టాను. జుట్టంతా నెరిసిన మనిషి తలుపు తీసి, కళ్లద్దాలు సర్దుకుంది.

"నేనే, పద్మని" అన్నాను.

తలుపు ఇంకాస్త తెరిచింది. "రా" అని మాత్రం అంది.

మట్టి పొట్లం పక్కన పెట్టి, గుడ్ల కాగితం పొట్లం బల్లమీద విప్పాను. "దొరికాయే నూరూ. మూలలతోనే ఉన్నాయి."

భూతద్దం పెట్టి చూసింది. వంటింట్లోంచి సాసర్లో నీళ్లు తెచ్చి, గుడ్లు అందులో వేసింది. నానబెట్టాలన్న సంగతి ఈసారీ నాకు తట్టలేదు.

"ఆరింటి రైలుకేనా వెళ్లేది?"

"పోతే పోనీ."

టీ పెట్టింది. "చక్కెర ఎంత?" అని అడిగింది. ఒకప్పుడు అది నన్ను అడగాల్సిన మాట కాదు. బల్లకు చెరోవైపు కూర్చున్నాం. ఫ్యాను తిరుగుతోంది. మధ్యమధ్య నూర్ సాసర్ని లైటు కిందికి జరిపి చూస్తోంది. ఒక్కో గుడ్డూ ఉబ్బుతోంది. గంట గడిచేసరికి ఒక్క మూల కూడా మిగల్లేదు.

"అన్నీ గుండ్రటివేనే" అంది నూర్.

"అయితే లేనట్టేనా?"

నూర్ భూతద్దం కిందపెట్టి, "ఈసారి గంటా ఆగావు" అంది. మిగతా మట్టి పొట్లం తన వైపు జరుపుకుంది.

ఏడున్నర రైలుకు సీటు సులువుగా దొరికింది. కోడూరు వెళ్లదలిస్తే వానలకు ముందే వెళ్లండి, తాగడానికి నీళ్లు పట్టుకెళ్లండి. వంకరగా కనిపించిన గుడ్డును నానబెట్టకుండా పారేయకండి. నానడానికి గంట చాలు. నాకే చాలలేదు. ఈ ముప్పై ఏళ్లూ ఎలా ఉన్నావే అని అడుగుదామనుకుంటూనే స్టేషనుకు వచ్చేశాను.