పెద్దమ్మ తోట చొక్కా

మొన్న పొద్దున్న హనుమాన్ జంక్షన్‌లో నా టైలరింగ్ షాపు తాళం తీస్తుండగా రెడ్డిగూడెం నుంచి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ లేవట్లేదు" అన్నాడు. మా పెద్దమ్మ నిద్రలోనే పోయింది.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండదు. మామిడి తోటల్లో కూలికి వెళ్లేది. నాకు బట్టల పిచ్చి పట్టించింది మాత్రం ఆవిడే. కస్టమర్లు ఫోన్లో ఏ హీరోయిన్ జాకెట్టు చూపించినా నా కళ్ల ముందుకొచ్చేది పెద్దమ్మే.

మామిడికాయ సొన పడితే ఒళ్లు పొక్కుతుంది. అందుకే తోటలో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. అందరూ ఇంట్లో పనికిరానిది ఏదో ఒకటి తగిలించుకుంటే, పెద్దమ్మ చెంబులో నిప్పులేసి మరీ ఇస్త్రీ చేసుకునేది. కాలర్ నిలబెట్టి, మణికట్టు దగ్గర బొత్తాలు పెట్టుకుని బయల్దేరేది. "కాయలు మొయ్యటానికి ఇంత సోకా?" అని తోటివాళ్లు ఏడిపిస్తే, "కాయలకి కళ్లు లేవు గానీ నాకున్నాయిగా" అనేది.

నేను కుట్టు నేర్చుకునే రోజుల్లో పెదనాన్న చొక్కా తెచ్చి నా ముందు పడేసింది. "భుజాలు తగ్గించవే. అరువు తెచ్చుకున్నట్టు ఉండకూడదు, నాదనిపించాలి." ఎన్నిసార్లు విప్పించిందో! ఇప్పటికీ ఏ కొలత తీసుకున్నా ముందు భుజమే చూస్తాను. పోనుపోను, నవ్విన ఆడవాళ్లే కాలర్లు నిలబెట్టడం మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి పెద్దమ్మను పట్టుచీరలో పడుకోబెట్టారు. పైన బంధువులు తెచ్చిన కొత్త చీరలు. ఎవరో పరాయి మనిషిలా ఉంది. మేకుకు వేలాడుతున్న ఆవిడ తోట చొక్కా తీసి, "ఇది కూడా కప్పుదాం రా" అన్నాను తమ్ముడితో.

వాడి మొహం మాడిపోయింది. "పోయేటప్పుడు కూడా కూలి బట్టలేనా అక్కా? బతికినన్నాళ్లూ చాల్లేదా?"

వాడిది తప్పని అనలేను. అమ్మ చేతుల మీద సొన మచ్చలు చూస్తూ పెరిగినవాడు. నాది తప్పని కూడా ఒప్పుకోలేను. చొక్కా మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

ఎత్తే వేళకు తోట ఆడవాళ్లు పని ఆపేసి ఉన్నపళాన వచ్చారు. గుమ్మం ముందు ఆగి, సొన మరకల చొక్కాలు గబగబా విప్పబోయారు. తమ్ముడు చూశాడు.

"ఉంచుకోండి పిన్నీ" అన్నాడు ముందున్నావిడతో. "అయ్యి లేకపోతే మిమ్మల్ని అమ్మెట్టా గుర్తుపడుద్ది?"

నా చేతిలోని చొక్కా వైపు ఒకసారి చూశాడు. మళ్లీ తల తిప్పుకున్నాడు.

వాళ్లు బొత్తాలు పెట్టుకున్నారు. కాలర్లు నిలబెట్టుకుని వీధి చివరిదాకా వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు నుంచే పెద్దమ్మను మోసుకెళ్లారు. అంతమంది ఆడకూలీల్లో చొక్కా లేనిది ఆవిడొక్కతే.