ముఖం కంటే ముందు పద్మం

2023 మాఘమాసంలో ఒక ఉదయం, ఆళ్ళగడ్డలోని మా శిల్పశాలకు నంద్యాల బట్టల వర్తకుడు రంగయ్య శెట్టి వచ్చాడు. తమ వీధిలో కట్టిస్తున్న ఆలయానికి నల్లరాతి లక్ష్మీదేవి, గడపకు ఇరువైపులా ద్వారపాలికలు కావాలన్నాడు. ప్రతిష్ఠకు జ్యేష్ఠంలో ముహూర్తం కుదిరింది. అది తప్పితే వచ్చేది ఆషాఢం. శూన్యమాసంలో ప్రతిష్ఠ చేయరు. బంధువులందరికీ అప్పటికే కబురు వెళ్ళింది.

ముహూర్తం నాటికి పని ముగిస్తే శిల్పికి చాలదు. విగ్రహాన్ని నీటిలో ఉంచే జలాధివాసం, ధాన్యంలో ఉంచే ధాన్యాధివాసం అంతకు ముందే జరగాలి. వాటికంటే ముందు పాలిష్, అనగా రాతికి నునుపు తేవడం. కనుక ముహూర్తం నుండి వెనుకకు లెక్కించి, ఉలి దించవలసిన దినాన్ని మొదట నిర్ణయించుకొంటాను. నా గడువు అదే.

పిమ్మట పనుల వరుస. దేవి పై చేతులలోని పద్మాలను ముందు చెక్కుతానన్నాను. వాటి కాడలు సన్ననివి. వెనుక రాతిని తొలిచి ఖాళీ చేయాలి. విరిగితే అక్కడే విరుగుతుంది. విరిగిన మూర్తిని అతికించి పూజకు నిలపడం మా వృత్తిధర్మం కాదు. అందుకే అదే క్వారీ నుండి రెండవ దిమ్మెను కూడా తెప్పించి ఉంచాను.

శెట్టికి ఈ వరుస రుచించలేదు. ఆహ్వానపత్రికలో వేయడానికి దేవి ముఖం ఫొటో కావాలట.

“ముందు మొగం చెక్కు సామీ. చూసేటోళ్లు మొగం చూస్తారు గానీ పూలకాడ చూస్తారా?”

“మొగం చెక్కినాక చెయ్యి ఇరిగితే, ఆ మొగం యాడ పెట్టుకుంటావ్ శెట్టీ?”

“నీ నోట్లో మంచి మాటే రాదు” అని గొణుగుతూ వెళ్ళిపోయాడు.

ఫాల్గుణంలో ఎడమ పద్మం వెనుక తొలుస్తుండగా ఉలి నాదం మారింది. గట్టి రాయి గంటవలె మోగుతుంది. ఇది పగిలిన కుండవలె పలికింది. నీళ్ళు చల్లి చూస్తే, రాతిలో దాగిన పగులు కాడను అడ్డంగా కోస్తూ కనబడింది. శెట్టికి ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాను. సాయంత్రానికే వచ్చి ఆ రాతి ముందు కూర్చుండిపోయాడు.

“ముహూర్తం పాయనా సామీ?”

“పోలేదప్పా. దినాలుండాయి, రాయుంది. ద్వారపాలికల పని మాత్రం ఆపుతాండా. ముందు అమ్మ నిలబడాల. వాళ్లు శ్రావణానికి వస్తారు.”

“గడప బోసిగా ఉంటే నన్ను చూసి నగుతారే.”

“నా పేరు చెప్పు.”

ద్వారపాలికల కోసం నియోగించిన పనివారందరినీ దేవి పనికి మళ్ళించి, రెండవ రాతిలోనూ పద్మాలతోనే ఆరంభించాను. ఈసారి రాయి కడదాకా ఒకే నాదం పలికింది. ముఖం వద్దకు వచ్చేసరికి తొందరపడవలసిన అగత్యమే లేకపోయింది. ఆ పెదవుల మీది చిరునవ్వుకు కావలసినంత తీరికగా కూర్చున్నాను.

ప్రతిష్ఠనాడు బంగారు సూదితో దేవి కన్నులు తెరిచి వెలుపలికి వచ్చాను. బోసి గడపకు శెట్టి అరటిబోదెలు కట్టించాడు. కావలి బొమ్మలేవని ఎవరో బంధువు అడిగితే, నా పేరు చెప్పనే లేదు. “తొందరేముందప్పా, శ్రావణంలో వస్తాండారు” అని తానే దర్జాగా బదులిచ్చాడు.

చెడగల పనిని ముందుకు తెచ్చుకొంటే, చెడినా సరిదిద్దుకొనేందుకు దినాలు మిగులుతాయి. నాకంటే వేగంగా ఉలి నడిపేవారు మా ఊళ్ళో పలువురున్నారు. నాకు గర్వకారణం ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించిన ఆ మాఘమాసపు ఉదయం.