రంగం సామాను

మా ఆయనకి పింగాణీ పిచ్చి ఉందన్న సంగతి నాకు పెళ్ళైన చాలా రోజులకిగాని తెలియలేదు. బాపట్లలో కాలేజీ లెక్చరరు. వేళకి వెళ్తారు, వేళకి వస్తారు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఇంత బుద్ధిమంతుడికి ఎక్కడో ఏదో లోపం ఉండే ఉంటుందని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఎనభైల్లో ఒకరోజు తెనాలి నుంచి వస్తూ, పాత పేపర్లో చుట్టిన పళ్లెం ఒకటి చంకలో పెట్టుకుని తెచ్చారు. నీలం పువ్వులు, అంచున ఒకచోట పెచ్చు లేచిపోయి ఉంది. "చైనాది. మా తాతల కాలం కంటే పాతది" అన్నారు గుసగుసగా, పక్కింటివాళ్ళు వింటే గోడ దూకి ఎత్తుకుపోతారన్నట్టు. హమ్మయ్య, లోపం దొరికింది అనుకున్నాను.

నేను దేన్నీ తొందరగా నమ్మను. పెరిగిన చోటు అలాంటిది. మాది తెనాలి. మా నాన్న నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నడిపేవారు. భీముడి గద సొరకాయ బుర్ర మీద గుడ్డ అంటించి చేసింది. రాజుగారి భోజనం పళ్లెం అట్టముక్క, దాని మీద వెండి కాగితం. పూలకుండీలు కాగితపు గుజ్జుతో చేసి రంగు వేసినవి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా అవి నిజమైనవే. దగ్గరికెళ్తే జిగురు వాసన. రంగస్థలం అని పూర్తిగా అనడానికి బద్ధకమేసి మేం దాన్నంతా 'రంగం సామాను' అనేవాళ్ళం. మా అమ్మ ఆ మాటని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది. అవసరానికి వచ్చి ముద్దులు కురిపించే చుట్టాలు గుమ్మం దిగగానే, "వీళ్ళది రంగం సామాను ప్రేమలే" అనేది. ఆ ఒడిలో పెరిగినదాన్ని పళ్లెం చైనాదంటే నమ్మేస్తానా?

ఆయన మాత్రం నమ్మకాల పుట్ట. సెలవు వస్తే చాలు, వేమూరనీ అమృతలూరనీ బయల్దేరేవారు. పాత లోగిళ్ళలో అటకల మీద గిన్నెలూ జాడీలూ ఉంటాయట. స్టీలు సామాన్ల వాడనుకుని, "పాత చీరలు తీసుకుంటారా అండీ?" అని అడిగిన ఇల్లాళ్ళు ఉన్నారు. పెళ్ళిళ్ళలో ఇంకా కష్టం. కాఫీ ఇస్తే కప్పు పక్కన పెట్టి, సాసరు తిరగేసి అడుగు చూసేవారు. పింగాణీ వయసు అడుగునే తెలుస్తుందట. ఒకసారి ఆ తిరగేయడంలో సాసరులో ఒలికిన కాఫీ కాస్తా పెళ్ళికొడుకు మేనత్త పట్టుచీర మీద పడింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

అలా అలమారా నిండింది. ఒక్కోటి ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నేను గోటితో కొట్టి చూసేదాన్ని, వాసన చూసేదాన్ని, తడిగుడ్డతో గట్టిగా రుద్దేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయేవారు. తర్వాత మా ఇంటికి డ్రాగన్ కూజా వచ్చింది. తెనాలిలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఉండేవాడు, సాయిబుగారు. పెద్దమనిషి. నన్ను "అక్కయ్యగారూ" అని తప్ప పిలిచేవాడు కాదు. అంత మర్యాద ఎందుకా అని నాకు మొదట్నుంచీ అనుమానమే. ఆయన దగ్గర కొన్న కూజా అది. దాని చుట్టూ తిరిగిన డ్రాగన్‌ని చూడడానికి మా వారు కాలేజీ స్టాఫునంతా టీకి పిలిచారు. వాళ్ళు వచ్చే ముందు మురికి పోతుందని చింతపండు నీళ్ళలో నానేశాను. కాసేపటికి మా పనిమనిషి పెరట్లోంచి కేకేసింది. "అమ్మగారూ, మీసాల పాముకి మీసాలు ఊడిపోతున్నాయండీ!"

మీసాలే కాదు, తోక కూడా పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. స్టాఫు వచ్చేసరికి బేసిన్లో నీలం నీళ్ళు, బల్ల మీద తెల్లటి కూజా. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు కాలేజీ అంతా పాకింది. బ్లాక్‌బోర్డు మీద ఎవరో మీసాలు గీశారట. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. "నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. ఇంకొక్కసారి ఇలా మోసపోతే అన్నీ గోనెసంచిలో కట్టి పెట్టేస్తాను. ఇక జన్మలో పింగాణీ ముట్టుకోను" అన్నారు. ఊరికే అనే మనిషి కాదు. ఆ పిచ్చి లేకపోతే ఈ మనిషిలో ఇంకేం మిగులుతుందా అని నాకు మొదటిసారి భయమేసింది. అప్పట్నుంచి నేను లేకుండా ఏదీ కొనకూడదని ఒప్పందం. ఒక గుర్తు కూడా పెట్టుకున్నాం. సరుకు దొంగదని నాకు అనిపిస్తే, "ఇంటికి గ్యాస్ బండ వస్తుందేమోనండీ" అనాలి. ఆయన వెంటనే లేవాలి.

చాన్నాళ్ళు ఏదీ కొనలేదు. తొంభైల మొదట్లో ఆ సాయిబుగారే బాపట్ల వెతుక్కుంటూ వచ్చాడు. రేపల్లెలో రిటైరైన నర్సమ్మగారు ఒకావిడ ఉందట, ఆవిడ దగ్గర చేప గిన్నె ఒకటుందట.

"షాపుకి ఇవ్వనంటుంది అక్కయ్యగారూ. ఇంట్లో పెట్టుకునేవాళ్ళకే ఇస్తానంటుంది. ఆ కూజా విషయంలో నేనూ మోసపోయానండి. సార్‌కి ఒక మంచి వస్తువు చూపించకపోతే నాకు నిద్ర పట్టదు."

వ్యాపారస్తుడు లాభం లేకుండా బాపట్ల దాకా రైలెక్కి వస్తాడా? ఆవిడా ఈయనా కలిసి ఆడుతున్నారేమో. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకునే తెనాలిలో రేపల్లె బండెక్కాను. భట్టిప్రోలు దాటేదాకా మా ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. చేతులు మాత్రం ఒళ్ళో గిన్నె ఆకారంలోనే ఉన్నాయి.

చిన్న పెంకుటిల్లు. గోడ మీద బైబిల్ వాక్యాల క్యాలెండరు, మూలన కుట్టుమిషను. నర్సమ్మగారు తెల్లచీరలో సన్నగా ఉంది. కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, బీరువాలోంచి పాత చీర మూట తెచ్చి బల్ల మీద విప్పింది. రెండు దోసిళ్ళు పట్టే గిన్నె. అంచు చుట్టూ సన్నటి గోధుమరంగు గీత. లోపల అడుగున నీలం చేప ఒకటి, ఒంటరిగా. మా ఆయన తిరగేసి అడుగు చూశారు. అక్కడ మెరుపు లేని గరుకు వలయాన్ని వేలితో తడిమారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంటే నచ్చిందని అర్థం.

నేను గోటితో కొట్టాను. ఖంగుమంది. అయినా సరే, "ఎక్కడిది పెద్దమ్మా ఇది?" అని అడిగాను.

"రంగం సామాను తల్లీ" అంది ఆవిడ. "అచ్చంగా రంగందే."

దొంగ తనంతట తానే ఒప్పుకున్నట్టుంది. మా వారికి ఆ మాట వినబడినట్టే లేదు, చేపనే చూస్తున్నారు.

"మా నాన్న రంగంలోనే పోయాడు. నేను అప్పుడు చిన్నపిల్లని. లైట్లన్నీ ఆర్పేశారు. జనం ఎటు పరిగెత్తారో తెలీదు. పైకప్పు కూలిపోయింది. మా అమ్మ నన్నూ ఈ గిన్నెనీ పట్టుకుని బయటపడింది."

నా కళ్ళ ముందు అంతా ఆడింది. పాపం, ఆయన ఏ పౌరాణికంలోనో పద్యం పాడుతూ ఉంటాడు. కరెంటు పోయి ఉంటుంది, పందిరి కూలి ఉంటుంది. ఇలాంటి కథలు మా షాపు అరుగు మీద బోలెడు విన్నాను. జాలేసింది. కానీ జాలి వేరు, సరుకు వేరు. నాటకాల గిన్నెని చైనాదని అంటగడితే ఊరుకుంటానా?

"ఏమండీ, ఇంటికి గ్యాస్ బండ వస్తుందేమో" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. పరీక్ష మళ్ళీ తప్పిన పిల్లాడి మొహం. గిన్నెని రెండు చేతులతో మెల్లగా బల్ల మీద పెట్టి లేచారు. ఆవిడ కంగారుగా, "నచ్చలేదా బాబూ?" అంది.

అక్కడితో నోరు మూసుకుని వచ్చేయొచ్చు. నా నోరు ఊరుకోదు.

"పెద్దమ్మా, మాది తెనాలి. మా నాన్న నాటకాల సామాను అద్దెకిచ్చేవారు. రంగం సామాను సంగతి నాకు తెలీకపోవడమేంటి? ఇంతకీ మీ నాన్నగారు ఏ వేషం వేసేవారు?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వేషమేంటి తల్లీ? మా నాన్న రేవులో కూలీ."

"ఏ రేవు?"

"రంగం రేవు. బర్మా. మీరు రంగూన్ అంటారు కాబోలు. మాది కాకినాడ అవతల. మా వైపు రంగమనే అంటాం. ఊళ్ళకి ఊళ్ళే రంగం వెళ్ళి బతికాయి మావాళ్ళు. యుద్ధంలో విమానాలొచ్చి బాంబులేస్తుంటే లైట్లు ఆర్పేశారు. మా అమ్మ ఈ గిన్నెలో ఇంత అన్నం పెట్టుకుని నన్ను ఓడెక్కించింది. రంగం బజారులో చీనావాళ్ళ కొట్లో మా నాన్న కొన్నాడిది. అన్నం తినేస్తే చేప కనపడుద్దని ఆశపెట్టి తినిపించేవాడు."

నేను తల ఎత్తలేకపోయాను. మా ఆయన లేచి నిలబడ్డవారు మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత భుజాలు అదిరిపోయేలా. చివరికి అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వేషమే అయ్యుంటే ఎంత బాగుండేది తల్లీ. తెర పడ్డాక లేచి ఇంటికొచ్చేవాడు" అంది.

గిన్నె మాకే ఇచ్చింది. అంతకు ముందు చూడటానికి వచ్చినవాళ్ళు ఎంతకిస్తావనే అడిగారట. నాన్న గురించి అడిగింది నేనొక్కదాన్నేనట, అదీ వేషం గురించి. షోకేసులో పెట్టి తాళం వేయొద్దనీ, అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అందులో అన్నం తినాలనీ మాత్రం చెప్పింది.

తిరుగు బండిలో మా ఆయన గిన్నెని ఒళ్ళోంచి దించలేదు. తెనాలిలో దిగాక సాయిబుగారి షాపుకెళ్ళి టీ తాగాం. అక్కయ్యగారూ అన్న పిలుపులో ఆ రోజు నాకు జిగురు వాసన రాలేదు.

ఇంటికొచ్చాక ఆయనే వంటింట్లోకి వెళ్ళి బేసిన్ తీసుకొచ్చి నా ముందు పెట్టారు. గిన్నె బల్ల మీదే ఉంది. "చింతపండు నానేస్తావా?" అన్నారు. గొంతులో కోపం లేదు. భయముంది.

"అక్కర్లేదు" అన్నాను. అన్నం కలిపి ఆ గిన్నెలో పెట్టి ఆయన చేతికిచ్చాను.