పగటిపూట నీళ్లు

బొంబాయి కామాటిపురలోని మా చాల్‌లో, ఆ వరసగదుల మేడలో, పాయిఖానాలు వరండా చివర ఉండేవి. వాటి ముందు పొద్దస్తమానం మగవాళ్లు బీడీలు కాలుస్తూ నిలబడేవారు. మేం ఆడవాళ్లం తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి వచ్చేవాళ్లం. మధ్యలో అవసరం రాకూడదని పగలు నీళ్లు తాగేవాళ్లం కాదు. దాన్ని మర్యాద అనుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

పక్కగది గంగవ్వ కూతురు రత్నాబాయి 1984లో నర్సింగులో చేరింది. మా చాల్ నుంచి ఆ చదువుకు వెళ్లిన మొదటి పిల్ల. సెలవుకు వచ్చి ఊరికే కూర్చునేదా? ముసలివాళ్ల కాళ్ల వాపులు చూసేది, పసిపిల్లల తల్లులను కోప్పడేది.

"నీళ్లు కాచి తాపుండ్రి, మస్తు తాపుండ్రి" అనేది.

తను మాత్రం గ్లాసు ముట్టేది కాదు. హాస్టల్లో గది పక్కనే బాత్రూం ఉన్నా అదే వరస. ఓసారి నేనే అడిగాను.

"నువ్వెందుకు తాగవే?"

"నాకేమైతది పెద్దమ్మా? చిన్నప్పటిసంది అలవాటే."

మూడో ఏడు ఎండాకాలం, వార్డులోనే చలిజ్వరంతో పడిపోయింది. అంతకుముందు నుంచే మూత్రంలో మంట ఉందట. నర్సే మంచం ఎక్కితే నామోషీ అని ఎవరికీ చెప్పలేదు. చీము పట్టి ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. రెండోదైనా దక్కాలంటే రోజంతా నీళ్లు తాగాలి, ఆపుకోకూడదు అని డాక్టర్ గంగవ్వకు గట్టిగా చెప్పాడు.

"నేనే నేర్పిన అక్కా, పగలు తాగొద్దని నా నోటితోనే నేర్పిన" అని గంగవ్వ నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నా కూతుళ్లకు నేనూ అదే నేర్పాను.

ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం రత్న గ్లాసు పక్కకు నెట్టింది.

"చీకటి పడ్డంక తాగుత అవ్వా."

గంగవ్వ బతిమాలి తాగించింది. కాసేపటికి ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ వరండా వైపు చూడసాగింది. బయట మగవాళ్లు ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు.

మరిది ఎదురైతే గోడ చాటుకు తప్పుకునే మనిషి గంగవ్వ. ఆ రోజు నీళ్ల డబ్బా ఒక చేత, కూతురి చెయ్యి ఒక చేత పట్టుకుని ఎండలోకి నడిచింది.

"జరుగుండ్రి! నా బిడ్డ ఒంటికి పోతది."

చాల్ అంతా విన్నది. వాళ్లు తలలు దించుకుని పక్కకు జరిగారు. రత్న లోపలికి వెళ్లింది. గంగవ్వ తలుపు ముందు నిలబడింది.

నేనూ నా డబ్బా నింపుకుని వెళ్లి ఆమె వెనక నిలుచున్నాను.