‘గీసినవారు’ గడిలో పేరు

ఎర్ర పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసనకు ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది, వెనక యాదగిరి సార్ నిలబడి చూస్తున్నట్టే. సూర్యాపేటలో ఇళ్లకూ మిల్లులకూ ప్లాన్లు గీసే ఆఫీసు ఆయనది. కోదాడ నుంచి రోజూ బస్సులో వెళ్లి నేనక్కడ కంప్యూటర్ మీద పనిచేసేదాన్ని. కట్టబోయే భవనాన్ని త్రీడీలో తయారుచేసి సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, చేత్తో గీసినట్టుండే గీతల బొమ్మ వచ్చేది. మొదటి బొమ్మను ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు.

“గీత వణుకుతున్నది. నీ చెయ్యి గిట్లనే వణుకుతదా?”

“సాఫ్ట్‌వేరే వణికిస్తుంది సార్, చేత్తో గీసినట్టు కనపడాలని.”

“అంటే దొంగ వణుకు,” అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. ఆయనకు నా గీతల మీద అనుమానం, నాకు ఆయన మీదే అనుమానం. ప్రతి బొమ్మనూ ఎర్ర పెన్సిల్‌తో తడిమి చూసి, కింద ‘గీసినవారు’ గడిలో నా పేరు కొట్టేసి తన సంతకం పెట్టేవారు మరి! కష్టం నాది, పేరు ఆయనదా అని లోలోపల ఉడికిపోయేదాన్ని. నేను లేనప్పుడు నా ఫైళ్లు తెరుస్తున్నారేమోనని పాస్‌వర్డ్ కూడా మార్చాను.

ఆ వానాకాలం మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని మా బొమ్మ చేతపట్టుకుని మండిపడుతూ వచ్చాడు. వడ్లు ఆరబోసే గచ్చును చదునుగా వేశారట. మొదటి వానకే నీళ్లు నిలిచి వడ్లు నానిపోయాయి. వెంటనే ఫైల్ తెరిచి చూశాను. త్రీడీలో నేను వాలు పెట్టాను. కానీ రెండు తలాలు కలిసేచోట మడత పదునుగా ఉంటేనే సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది. అంత సన్నటి వాలును చదును కిందే లెక్కగట్టి వదిలేసింది. సార్ కంటికి కూడా అది దొరకలేదు. మేస్త్రి బొమ్మలో ఉన్నట్టే కట్టాడు.

“గీసిందెవలు? ముందుగాల ఆళ్లను పనిల నుంచి తియ్యి!”

సార్ గడి మీద వేలు పెట్టారు. “సంతకం కనపడ్తలేదా? నేనే గీసిన. గచ్చు దగ్గరుండి మల్ల ఏపిస్త.”

మిల్లు యజమాని వెళ్లాక సార్ బల్ల దగ్గరికి వెళ్లాను. “ముందే చెప్పొచ్చు కదా సార్, సంతకం ఇందుకని?”

“ఏం చెప్పాలె? నీ గీతను నమ్ముతలేనని చెప్పాలెనా? నమ్మకం కుదిరేదాక నా పేరే ఉంటది.”

కొన్ని నెలల తర్వాత ఒక బొమ్మ నా బల్ల మీదికి తిరిగొచ్చింది. గడిలో నా పేరు కొట్టేసి లేదు. ఎన్నాళ్లుగానో కోరుకున్నదే, తీరా చూస్తే భయమేసింది. ఒక్కో గీతనూ త్రీడీతో పోల్చి చూస్తూ సాయంత్రం బస్సు వదిలేశాను.

సార్ ఇప్పుడు లేరు. ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. గడిలో పేరు రాసే ముందు ఈరోజుకీ నా చెయ్యి వణుకుతుంది. అది మాత్రం దొంగ వణుకు కాదు.