ఆంప్లీ మీద చాచా గీత

మొన్న శుక్రవారం పొద్దున కేతేపల్లిలో బస్సు దిగి, నేను పనిచేసే మండలాఫీసు మెట్లు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. నకిరేకల్‌లో మా గోడ అవతలి ఇంటి చాచీ. ఆమెకు ఫోన్ చేసే అలవాటు లేదు, ఏమైనా చెప్పాలంటే గోడ మీంచే పిలుస్తుంది. "మీ చాచ లేడు బిడ్డా" అంది. "చాయ తాగి గిలాస కింద పెట్టిండు. గంతే." గంట కిందట బస్సుకు పోతున్న నాకు గుమ్మంలోంచి చెయ్యి ఊపిన మనిషి. మెట్లు దిగి, నకిరేకల్ బస్సు కోసం మళ్లీ రోడ్డు మీదికి వచ్చాను.

చాచా మాకు చుట్టం కాదు. మేం నేతపని వాళ్లం. ఆయనది రేడియోలు, మైక్‌సెట్లు బాగుచేసే దుకాణం. మధ్యలో ఒక్క గోడ. నేను పుట్టకముందే మా నాయిన ఆయన్ని "భాయ్" అనేవాడట, అలా ఆయన మాకు చాచా, అంటే చిన్నాయన, అయ్యాడు. మా వైపు పెళ్లికైనా, బతుకమ్మకైనా, పీర్ల పండుగకైనా మైక్ ఆయనదే. చెట్టుకు గిన్నె లౌడ్‌స్పీకర్ కట్టి, దాని మూతి దగ్గరే నిలబడి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. నలభై ఏళ్లు అలాగే నిలబడ్డాడు. అది ఆయన చెవుల్ని ఏం చేస్తుందో మాకెవరికీ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

మైక్‌సెట్టు ఎక్కడ పెట్టినా ముందు పాట వేసేవాడు కాదు. మా మగ్గం వేసేవాడు. నా చిన్నప్పుడు ఒక ముసురు రోజు, మా కిటికీలో మైకు పెట్టి, నాయిన నేస్తున్న చప్పుడు క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాడు. రికార్డింగంటే ఫొటో లాంటిదనుకుని నాయిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ మగ్గం గుంటలో దిగాడు. ఆ క్యాసెట్‌లో పోగును బిగించే పలక దెబ్బ బరువుగా పడుతుంది, దారం మోసే నాడె అటూ ఇటూ సర్రున పోతుంది. ఆ రెండింటి సందులో, బాగా దూరంగా, అమ్మ కండెలు చుట్టే రాట్నం కీచుమంటుంది. ఆ కీచు వినబడితే స్పీకరు మంచిది. వినబడకపోతే విప్పి మళ్లీ చూడాల్సిందే. చాచా పరీక్ష అదొక్కటే.

"పెండ్లిల మగ్గం పాటేంది చాచా?" అని పెళ్లివాళ్లు నవ్వేవాళ్లు.

"జర ఆగుండ్రి. రాట్నం వినవడ్డంక మీ పాటే" అనేవాడు.

తర్వాత మా మగ్గం పోయింది, నాయిన పోయాడు, అమ్మ పోయింది. ఆ క్యాసెట్ మిగిలింది. దాన్ని నేను ఫోన్లోకి ఎక్కించుకున్నాను. బస్సులో చవక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే పలక దెబ్బ తప్ప ఏమీ వినబడేది కాదు. అప్పుడు పట్టుకుంది నాకు హెడ్‌ఫోన్ల పిచ్చి.

మూడు నెలలు కుదురుగా అన్నం తిన్నది లేదు. చెవిని పూర్తిగా మూసేవి కొనాలా, వెనక జాలీ ఉండి గాలాడేవి కొనాలా? మంచి హెడ్‌ఫోన్లకు విడిగా ఆంప్లిఫయర్ ఉండాల్సిందేనా? చదివిన కొద్దీ బుర్ర తిరిగేది. ఒకడు ఆంప్లిఫయర్ లేకపోతే దండగంటాడు, ఇంకొకడు ఉంటేనే దండగంటాడు. నేను కాగితాలు పట్టుకుని పోతే చాచా చేతిపని ఆపకుండానే వినేవాడు.

"ముందు నీ చెవికేం గావాల్నో అడుగు బిడ్డా. దుకాణపోన్ని తర్వాత అడుగుదువు."

"నాకు రాట్నం గావాలె చాచా."

"అయితే ఆంప్లీ ఫికర్ వెట్టుకోకు. ఆంప్లీ కొత్తగ ఏం పుట్టియ్యదు. ఉన్నదాన్నే పెద్దగ జేస్తది. రాట్నం రావాలంటే హెడ్‌ఫోనే మంచిది గావాలె."

ఆ మాట మీదే కొన్నాను. డబ్బా విప్పకుండా నేరుగా దుకాణానికి తీసుకుపోయాను. చాచా చేతులు తుడుచుకుని, కళ్లజోడు పైకెత్తి, దాని మీద రాసింది చదివాడు. "ముప్పై రెండు ఓమ్‌లే. ఓమ్‌లు ఎక్కువుంటే ఫోను మొయ్యలేదు గని, గీ దానికి ఫోను చాలు. ఆంప్లీ అక్కర్లేదు." తర్వాత చెవులకు పెట్టుకుని మా మగ్గం వేశాడు.

ఆయన మొహం చిన్నబోయింది. సౌండ్ పెంచాడు. మళ్లీ మొదటినుంచి వేశాడు. "రాట్నం వస్తలేదు" అన్నాడు. "నువ్వు విను."

పెట్టుకున్నాను. రాట్నం ఉంది. అంత స్పష్టంగా నేనెన్నడూ వినలేదు. చక్రం తిరగడం, ఆగడం, అమ్మ దారం ముడేసి మళ్లీ తిప్పడం, అన్నీ ఉన్నాయి. ఏడుపొచ్చేలా ఉంది. తలెత్తితే చాచా నన్నే చూస్తున్నాడు. వెనక బెంచీ మీద మైకు మాట్లాడుకోవడానికి వచ్చిన పెళ్లివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. అప్పుడర్థమైంది నాకు. సన్నటి చప్పుళ్లు చాచా చెవులకు అందడం లేదు. గిన్నె మూతి దగ్గర నిలబడి వినే మోతలో అది ఇన్నాళ్లూ బయటపడలేదు.

"వినవడ్తాందా బిడ్డా?"

"లేదు చాచా" అన్నాను.

చెవి మీద బతికే మనిషికి నలుగురి ముందు చెవి పోయిందని ఎలా చెప్పను? ఇంటికి పోయాక చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు, తెల్లారీ చెప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది.

"లెక్క తప్పొచ్చు గని చెవి తప్పది. దీనికి ఆంప్లీ గావాలె, నేనే చేస్త" అన్నాడు చాచా. నేను వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా. ఊరుకున్నాను.

నెల రోజులు కూర్చుని చిన్న ఆంప్లీ చేశాడు. పాత రేడియో చెక్కపెట్టెలో, ఇత్తడి మరలు వేసి. ముచ్చటగా ఉంది. పెట్టుకుని విన్నాడు, రాట్నం లేదు. మొత్తం విప్పి మళ్లీ చేశాడు. లేదు. మూడోసారీ చేశాడు. మూడోసారి నేను ఉండబట్టలేక, "ఇప్పుడు మంచిగ వినవడ్తాంది చాచా" అన్నాను. అది నిజమే. కాని ఆయనకు వినబడలేదు కదా.

"నన్ను సంబురవెట్టెటందుకు చెప్తున్నవ్" అన్నాడు. "నా చెయ్యి పోయింది బిడ్డా."

వారం తిరక్కుండా ఆంప్లీ పెట్టె నా చేతిలో పెట్టి షట్టర్ దించేశాడు. గిన్నె లౌడ్‌స్పీకర్లు ఎవరికో ఇచ్చేశాడు. ఎవరైనా రేడియో పట్టుకొస్తే, "నా చెయ్యి మునుపటి లెక్క లేదు, నల్లగొండ తీస్కపోండ్రి" అని పంపేవాడు. మూసిన దుకాణం ముందు స్టూలేసుకుని కూర్చునేవాడు. నేను రోజూ ఆయన ముందునుంచే బస్సుకు పోయేదాన్ని. ఆయన చెవి పరువు కాపాడాననుకుని ఆయన చేతుల పరువు తీశాను. అది తెలిసీ, ఇవాళ కాదు రేపు చెబుదాంలే అని ఏడాదిన్నర గడిపాను. అది మంచితనం కాదు, పిరికితనం. ఇది చదివేవాళ్లు నన్ను ఏమనుకున్నా నేను కాదనను.

నెల కిందట చాచీ గోడ మీంచి పిలిచింది. "ఇంట్ల ఫ్యాను ఆగిపోతె గూడ ముట్టుకుంటలేడు. చేతులు చూస్కుంట కూసుంటాండు. జర నువ్వన్న చెప్పరాదు" అంది. ఆ ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు, ఆంప్లీ పెట్టె పట్టుకుని పోయి ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. మొదటి రోజే వినబడిందని, పెళ్లివాళ్ల ముందు చెప్పలేకపోయానని. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సగం ఏడుస్తూ చెప్పాను.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "చెవులేనా?" అన్నాడు.

"చెవులే చాచా."

రెండు చేతులూ వెల్లకిలా తిప్పి చూసుకున్నాడు. "ఏడాదిన్నర సంది గీ చేతులను తిట్టుకుంటున్న గద బిడ్డా" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోను. మళ్లీ ఆయనే, "చెవి పోతె పోయింది. ముసలోన్ని, పోదా?" అన్నాడు. తర్వాత నన్ను హెడ్‌ఫోన్లు పెట్టుకోమని, తన చెయ్యి నా ముందు చాపాడు. "రాట్నం వచ్చినప్పుడల్ల గీడ కొట్టు."

మగ్గం వేశాను. కీచుమన్నప్పుడల్లా ఆయన మణికట్టు మీద వేలితో కొట్టాను. చాచా కళ్లు మూసుకున్నాడు. దెబ్బ దెబ్బకూ తల ఊపాడు. ఆగినప్పుడు, "దారం తెగింది" అన్నాడు. మళ్లీ కొడితే, "ముడేసింది" అన్నాడు. అంత బాగా గుర్తుంది ఆయనకు. ముక్క మొత్తం అయిపోయాక కళ్లు తెరిచాడు.

"ఆంప్లీ మంచిగనే చేసిన అన్నట్టు" అన్నాడు.

ఆ సాయంత్రమే నా గోళ్ల రంగు అడిగి తీసుకుని, ఆంప్లీ మీద సౌండ్ పెంచే తిప్పుడు బిళ్ల పక్కన రెండు గీతలు గీశాడు. కింద ఒకటి, దాదాపు చివరన ఒకటి. "గిది నీ గీత. గిది నాది. నా గీత కాడ నువ్వు చెవులకు వెట్టుకోకు, ఖరాబైతయి." తన గీత దాకా తిప్పుకుని పలక దెబ్బ, నాడె విని సంతోషపడ్డాడు. రాట్నం మాత్రం రాలేదు. నల్లగొండలో చెవుల డాక్టరు దగ్గరికి పోదాం, మిషన్ పెట్టిస్తారంటే, "అది గూడ ఆంప్లీయే గద, నేను చేసుకోలేనా?" అని నవ్వాడు. పోయిన వారం షట్టర్‌కు గ్రీజు పూశాడు. సోమవారం తెరుస్తానన్నాడు.

శుక్రవారం నమాజు తర్వాత తీసుకుపోయారు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. ఎవరో బాధతోనే, "పాపం, చాచకు చెయ్యి గూడ తప్పిందట గద" అన్నారు. "చెయ్యి తప్పలేదు" అన్నాను. చాచీ ఉలిక్కిపడేంత గట్టిగా అన్నాను. ఆ మాట ఏడాదిన్నర ముందు ఆయన దుకాణంలో అనాల్సింది.

ఇలాంటి హెడ్‌ఫోన్లకు ఆంప్లిఫయర్ కావాలా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే అక్కర్లేదు, ఫోను చాలని ఇప్పటికీ చెబుతాను. మా ఇంట్లో మాత్రం ఒకటుంది.

నిన్న సాయంత్రం దాన్ని చాచా గీత దాకా తిప్పాను. చెవులకు పెట్టుకోలేదు, వద్దన్నాడు కదా. హెడ్‌ఫోన్లు బల్ల మీద వెల్లకిలా పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ గీత దగ్గర చెవులకు పెట్టుకునే పని లేదు, మగ్గం గదంతా వినబడుతోంది. కాసేపటికి, సన్నగా, రాట్నం కూడా వచ్చింది. అది వచ్చినప్పుడల్లా బల్ల మీద వేలితో కొడుతూ కూర్చున్నాను.