అమ్మవారు పోసిన మూడు రోజులు

మా ధర్మవరంలో చీరలు నేసేవాళ్లకు నడుం వంగుతుంది, చూపు మందగిస్తుంది. కానీ నేతగాడు పోలీసుగా మారడం మాత్రం ఒక్క మారుతి విషయంలోనే చూశాను. వాడు మా పక్కింటివాడు, నాకు తమ్ముడి వరస. నేను జాకెట్లు కుట్టే షహీన్‌ను. వాడి కూతురు పవిత్రకు ఏడేళ్లప్పుడు రక్తంలో క్యాన్సర్ అని బెంగళూరు పెద్దాసుపత్రిలో తేల్చారు. చీమకు కూడా దారిచ్చే మనిషి ఆ రోజు నుంచీ గడపలో స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

ఎవరొచ్చినా సబ్బుతో చేతులు కడగాలి. దగ్గేవాళ్లు వాకిట్లోనే ఆగిపోవాలి. నీళ్లు కాచి చల్లార్చాలి, పొద్దుటి అన్నం సాయంత్రానికి పనికిరాదు. పెండ్లాం వనిత చేతులకు తొడుగులు వేసుకుని మాత్రను సగానికి విరిచి దినమూ పిల్లకు మింగించేది. ఈ మందు వాడినన్నాళ్లూ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఉండదని, జ్వరం వచ్చినా మరేం వచ్చినా గంట కూడా ఆగకుండా రమ్మని డాక్టరమ్మ చెప్పింది. మారుతి ఆ మాట కాగితం మీద రాసి మగ్గం గుంజకు అంటించుకున్నాడు.

"ఏమబ్బా, మీ ఇంట్లోకి రావాలంటే ఆధార్ కార్డు గూడా చూపించాల్నా?" అని నేనే ఒకసారి ఎగతాళి చేశాను.

"నవ్వుకోక్కా. సబ్బు ఆడుండాది, కడుక్కోని రా," అన్నాడు.

పిల్ల ఆడుకునే అచ్చనగాయల రాళ్లను కూడా సబ్బుతో కడిగించేవాడు. అది మహా దొంగది, నాతో ఆడుతూ నా రాయిని తొడ కింద దాచేసి, "షహీనత్తకు కండ్లు కనపడవు," అని నవ్వేది. అది నవ్వితే చాలు, ఓడిపోయినా నా కడుపు నిండిపోయేది. ఇట్లా ఏడాదిన్నర గడిచింది. వచ్చే జూన్‌లో బడికి పంపొచ్చని డాక్టరమ్మ అన్నప్పుడు మారుతి వీధంతా మైసూరుపాకు పంచాడు, చేతులు కడిగించే.

ఎండలు ముదిరాక ఎదురింటి సోమక్క మనవడికి అమ్మవారు పోసింది. ఆస్పత్రివాళ్లు దాన్ని చికెన్‌పాక్స్ అంటారు. మాకది రోగం కాదు, తల్లి ఇంటికి రావడం. గుమ్మానికి వేపమండలు కడతాం, మందూ మాకూ ముట్టం, ఊరి పొలిమేర దాటం. పిల్లకు వేపాకు నీళ్లు మూడోసారి పోశాక పెరుగన్నం కలిపి నాలుగిళ్లకూ పంచుతాం. మా సాయిబుల ఇండ్లల్లోనూ ఇంతే.

సోమక్క పెరుగన్నం గిన్నె పట్టుకుని వచ్చిన పొద్దు మారుతి చీర ఇచ్చిరావడానికి షాపుకు వెళ్లాడు, వనిత చౌకధరల దుకాణం వరుసలో ఉంది. ఇంట్లో ఉన్నది వాడి తల్లి ఉలిగమ్మ. తల్లి ప్రసాదాన్ని గడపలోంచి తిప్పి పంపే ధైర్యం ఏ ముసలమ్మకు ఉంటుంది? సోమక్క కొంగు పట్టుకుని ఆమె మనవడూ వచ్చాడు. వాడి పొక్కులు ఇంకా పూర్తిగా మాడలేదు. ఇద్దరు పిల్లలూ అరగంట అచ్చనగాయలు ఆడుకున్నారు.

రెండు వారాలకు పవిత్ర వీపు మీద పొక్కులు లేచాయి, ఒళ్లు కాలిపోతోంది.

మారుతి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఉలిగమ్మ వాడి చేయి పట్టేసింది. "ఆయమ్మ బిడ్డ ఒంటి మీద కూర్చోనుండాది రా. ఇప్పుడు సూదులు పొడిపించి ఊరు దాటిస్తావా? మూడు నీళ్లు పడనీ నాయనా, ఆయమ్మే చల్లగా దిగిపోతుంది."

"జరమొస్తే గంట గూడా ఆగొద్దన్నారు గదా! ఫోనన్నా చేద్దాం," అని వనిత ఏడ్చింది.

వాడు నావైపు తిరిగాడు. "అందరితో కొట్లాడితినక్కా. ఆయమ్మతో గూడా కొట్లాడేదెట్ల? కోపమొచ్చి బిడ్డను తీస్కపోతే?"

వీధిలో ఎవరికైనా నాలుగు చీవాట్లు పెట్టే నేను ఆ పొద్దు ఒక్క మాట అనలేదు. నా పిల్లలకూ పోసింది, వేపాకు నీళ్లతోనే దిగిపోయింది. ఛీ, ఏం తెలివి నాది! రైల్వే స్టేషను వెనక వేపచెట్టు నుంచి మండలు విరుచుకొచ్చి నా చేతులతోనే వాళ్ల గుమ్మానికి కట్టాను.

మారుతి ఫోన్‌ను గూట్లో పెట్టేశాడు.

మూడో రోజు పిల్లకు ఊపిరి అందడం మానేసింది. అప్పుడు కారు మాట్లాడుకుని బయలుదేరాం. పెనుకొండ దాటేసరికి పెదవులు నల్లబడ్డాయి. "నాయనా, కిటికీ తియ్యి," అంది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఆస్పత్రిలో గొట్టాలు పెట్టి రెండు రోజులు చూశారు. అయిదో రోజు పొద్దున పవిత్ర చచ్చిపోయింది.

డాక్టరమ్మ మారుతిని గదిలోకి పిలిచింది. వాడు నా చేయి వదలకపోతే నేనూ లోపలికి వెళ్లాను.

"మేడమ్, పొక్కులు లేసిన పొద్దే వచ్చింటే?" అని అడిగాడు.

ఆమె పిల్ల కాగితాలు మూసి పక్కన పెట్టింది. వాడు మళ్లీ అడిగాడు.

"దీనికి మందుందప్పా. మొదటి రోజే వచ్చి ఉంటే నరంలోకి ఎక్కించేవాళ్లం. చాలామంది పిల్లలు బతుకుతారు," అంది.

వాడు తల ఊపి, ఆమెకు దండం పెట్టాడు.

బయట ఉలిగమ్మ నేల మీద కూర్చుని తల బాదుకుంటోంది. "నేనే ఆపితిని రా. పెరుగన్నం తినిపించిందీ నేనే. డాక్టరమ్మ ఏమనె? చెప్పు రా!"

మారుతి తల్లి ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏముందిమ్మా. మొదటి రోజు తెచ్చినా ఇంతేనంట. దీనికి మందే లేదంట."

ముసలమ్మ వాడి భుజం మీద పడి గొల్లుమంది. వనిత మాత్రం మొగుడిని చూడలేదు, నన్ను చూసింది.

"నిజమేనాక్కా?"

తల్లి వీపు మీదుగా మారుతి కళ్లు నా మీదే ఉన్నాయి.

"నిజమేమ్మా," అన్నాను. "నేనూ ఆడే ఉంటి."